ముందు పేర్లు కలవాలి: మా కారులో ఇరాన్, అర్మేనియా, జార్జియా

మా కారు ఆర్‌సీలో నా పేరు ముందు రెండు పొడి అక్షరాలు ఉండేవి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, విడిగా ఒక గడిలో ఉంది. డ్రైవింగ్ లైసెన్సులో అదే ఇంటిపేరు చివర్న ఉంది. ఈ మూడూ ఒక్క మనిషివేనని తెలుగువాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలుగు రాని, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన కస్టమ్స్ ఆఫీసరు ముందు పెడితే మాత్రం అవి ముగ్గురు మనుషుల కాగితాలు. సొంత కారులో దేశాలు దాటాలనుకునే తెలుగువాళ్లు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. టైర్లూ రూటు మ్యాపూ తర్వాత చూసుకోవచ్చు, ముందు అన్ని కాగితాల్లోనూ మీ పేరు ఒక్కలాగే ఉందో లేదో చూసుకోండి.

2023లో నేనూ మా ఆయనా కారుని ఓడలో ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కి పంపించి, మేం విమానంలో వెళ్లి దాన్ని విడిపించుకున్నాం. అక్కణ్నుంచి యజ్ద్, ఇస్ఫహాన్, తబ్రీజ్ మీదుగా అర్మేనియా, ఆ పైన జార్జియా. తిరిగి అదే దారిలో వెనక్కి వచ్చాం. కారు నా పేరున ఉంది కాబట్టి కాగితాల బాధ్యతంతా నాదే. ఆ దారి అందాల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కౌంటర్ల ముందు గడిచిన గంటల గురించి రాస్తాను, ఎందుకంటే బయల్దేరేముందు నాకు తెలుగులో ఎక్కడా దొరకనిది అదే.

ఇరాన్‌లోకి మన కారు వెళ్లాలంటే కార్నెట్ ఉండాలి. కార్నె ద పసాజ్ ఆన్ దువాన్ అని దాని పూర్తి పేరు. ఈ బండిని మీ దేశంలో అమ్మం, తిరిగి తీసుకెళ్లిపోతాం, అలా చెయ్యకపోతే దిగుమతి సుంకం కడతాం అని ఇచ్చే హామీ పుస్తకం అది. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ వ్యవస్థ కింద మన దేశంలో ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బ్యాంక్ గ్యారంటీ అడుగుతారు. కారు మీద లోను ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ కూడా తేవాలి. ఏడాదిపాటు చెల్లుతుంది.

దాని పేజీని బాగా అర్థం చేసుకోవాలి. ప్రతి పేజీలోనూ అడ్డంగా మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు కింది ముక్క చింపుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చింపుకుంటారు. పైముక్క పుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ పైముక్క మీద రాకకి ఒక ముద్ర, పోకకి ఒక ముద్ర పడాలి. రెండోది లేకపోతే మన బండి ఆ దేశంలోనే ఉండిపోయినట్టు లెక్క. ఇంటికి వచ్చాక సుంకం కట్టమని నోటీసు రావచ్చు. ముద్ర వేసే మనిషితో మనకి భాష కలవదు, వెనక లారీలు హారన్ కొడుతుంటాయి, గేటు తీసే ఉంటుంది. అయినా పైముక్క చూసుకోకుండా కదలకూడదు.

కార్నెట్‌కి దరఖాస్తు చెయ్యకముందే నేను ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీ మీద పేరు మార్పించుకున్నాను. పాస్‌పోర్టులో ఉన్నదున్నట్టుగా, అదే వరసలో. ఆ తర్వాత లైసెన్సు, దాన్నిబట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. వరస తిరగబడితే పని రెట్టింపవుతుంది, ఎందుకంటే కార్నెట్ ఆర్‌సీని చూసి తయారవుతుంది, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, కార్నెట్‌ని చూసి తయారవుతుంది. మొదటి కాగితంలో ఉన్న తేడా చివరి కాగితం దాకా పాకుతుంది.

పేరు తర్వాత ఛాసిస్ నంబర్. కార్నెట్ డ్రాఫ్టు వచ్చినప్పుడు నేను ఒకటొకటిగా చదువుతుంటే మా ఆయన బానెట్ ఎత్తి కారు మీదున్నది చదివారు. మధ్యలో ఒకచోట సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' టైపయింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబర్లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడకూడదని అంతర్జాతీయ నియమం. ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతారనే అలా పెట్టారు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే చాలు, నంబర్లో ఓ కనిపించగానే అది తప్పని చెప్పెయ్యొచ్చు. డ్రాఫ్టులోనే దిద్దించాం.

వీసాల విషయం త్వరగా చెప్పేస్తాను. ఇరాన్‌కి ఈ-వీసా దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి. ఏ కాన్సులేట్ నుంచి తీసుకుంటామో ఆ ఫారంలోనే చెప్పాలి. వెళ్లేటప్పుడు ఒకటి, జార్జియా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకటి కావాలి కాబట్టి, రెండోసారి టిబిలిసిలోని ఇరాన్ ఎంబసీని ఎంచుకున్నాం. 2024 ఫిబ్రవరిలో భారతీయులకి ఇరాన్ వీసా మినహాయింపు ఇచ్చినప్పుడు కొందరు నన్ను ఇక వీసా గొడవ లేదు కదా అని అడిగారు. అది విమానంలో దిగేవాళ్లకి, అదీ 15 రోజులకి మించకుండా ఇచ్చిన వెసులుబాటు. నేలదారిన సరిహద్దు దాటేవాళ్లకి అది పనికొచ్చేది కాదు. 2025 నవంబరులో దాన్నీ ఆపేశారు. పైగా ఓడరేవులోంచి కారు బయటపడేసరికే ఆ రోజుల్లో సగం కరిగిపోయేవి. ఆ ప్రాంతం పరిస్థితులు తొందరగా మారిపోతుంటాయి. బయల్దేరేముందు మన విదేశాంగ శాఖ ఏం చెబుతోందో చూసుకోవడం తప్పనిసరి.

బందర్ అబ్బాస్‌లో మాకు ముందు అర్థం కావాల్సి వచ్చింది భాష కన్నా క్యాలెండర్. ఇరానీ సంవత్సరం మార్చి 20, 21 ప్రాంతంలో నౌరూజ్‌తో మొదలవుతుంది. మేం వెళ్లినప్పుడు అక్కడ 1402. నౌరూజ్ నుంచి పదమూడో రోజు దాకా ఆఫీసుల పనులు దాదాపు సాగవు. ఆ ఏడు దాని వెంటే రంజాన్ నెల. అందుకని ఏప్రిల్ చివరివారంలో ఓడ చేరేలా చూసుకున్నాం. శుక్రవారం సెలవు, గురువారం సగం పని. మన ఆదివారం వాళ్లకి మామూలు పనిదినం. మన లెక్కలో వారాంతం, వాళ్ల లెక్కలో వారాంతం కలిపితే ఇక్కడి ఏజెంటు, అక్కడి ఏజెంటు ఇద్దరూ ఒకేసారి పనిలో ఉండే రోజులు వారానికి నాలుగే. ఏదైనా మెయిల్ ఆగిపోతే నాలుగు రోజులు పోయినట్టే.

షాహిద్ రజాయీ రేవులో కస్టమ్స్ పనులు చేయించే క్లియరింగ్ ఏజెంట్ లేకుండా పని జరగదు. మా ఏజెంటుకి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడికి హిందీ కొద్దిగా వచ్చు. ఆ రెండు కొద్దిగాలతో చాలా పని నడిచింది. చిక్కు వచ్చింది నా పేరు దగ్గర, ఈసారి ఇంగ్లీషులో కాదు, ఇరాన్ వాళ్ల భాష పార్సీలో (పర్షియన్). పార్సీ లిపిలో మామూలుగా హ్రస్వమైన అచ్చులు రాయరు. ఉన్న హల్లుల్ని బట్టి తెలిసిన మాటని చదువుకుంటారు. మన పేర్లు వాళ్లకి తెలిసిన మాటలు కావు. ఏజెంటు ఆఫీసులో నా ఇంటిపేరు ఒకలా రాశారు. ఆర్‌సీని పార్సీలోకి అనువాదం చేసిన అధికారిక అనువాదకుల ఆఫీసులో మరోలా రాశారు. రెండూ తప్పేం కావు, విన్న చెవిని బట్టి రాసినవి. కానీ రేపు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషికి నా అసలు పేరు పలకడం రాదు. ఆయనకి కనిపించేది అక్షరాల తేడా.

ఆ పూట నేను ఏజెంటుని వెంటబెట్టుకుని అనువాదకుల ఆఫీసుకి వెళ్లాను. ముగ్గురం ఒక తెల్లకాగితం మీద నా పేరు, మా ఆయన పేరు పార్సీలో ఒక్కలాగే ఎలా రాయాలో తేల్చుకున్నాం. అనువాదకురాలు పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగ్ రాసింది. దాన్ని ఫోటో తీసుకున్నాను. ఆ తర్వాత ఇన్సూరెన్సు పాలసీ రాసే చోట, హోటల్లో, సిమ్ కార్డు ఇచ్చే చోట ఎవరు నా పేరు అడిగినా నోరు విప్పేదాన్ని కాదు, ఆ ఫోటో చూపించేదాన్ని. దేశం దాటేదాకా నా పేరు ఎక్కడా రెండోలా పడలేదు. పార్సీ, అరబిక్, ఉర్దూ లిపులు వాడే ఏ దేశానికైనా నేను ఇదే చేస్తాను.

కస్టమ్స్ ఆఫీసరు కారుని చూడటానికి వచ్చిన ఉదయం బాగా గుర్తుంది. కంటైనర్ సీలు తెంచి, కారు బయటికి తీసి, బానెట్ ఎత్తారు. ఆయన జేబులోంచి గుడ్డ తీసి ఛాసిస్ నంబర్ చెక్కిన చోట దుమ్ము తుడిచాడు. కార్నెట్‌ని రేడియేటర్ మీద తెరిచిపెట్టి, కుడిచేతి వేలు ఇనుము మీద, ఎడమచేతి వేలు కాగితం మీద పెట్టి, రెండు వేళ్లూ ఒకేసారి కదుపుతూ పదిహేడు అక్షరాలూ పూర్తయ్యేదాకా వెళ్లాడు. ఒక్క మాట మాట్లాడలేదు. చివరి అంకె దగ్గర ఆగి నా వైపు చూసి తల కిందికి వంచాడు. నేను నవ్వుతూ తల పక్కకి ఊపాను, మనం సరే అనడానికి ఊపుతామే, అలాగ. ఆయన మొహం మారిపోయింది. మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. ఏజెంటు కల్పించుకుని ఏదో చెప్పాక ఊరుకున్నాడు. తల పక్కకి ఊపితే కాదని చెప్పినట్టు తీసుకుంటారు. వాళ్లు కాదనడానికి గడ్డం కొంచెం పైకెత్తి నాలుకతో చిన్న శబ్దం చేస్తారు, మనకది పలకరింపులా అనిపిస్తుంది. అప్పట్నుంచి ఆఫీసుల్లో మెడ బిగబట్టుకుని, అక్కడ కొందరికి తిట్టులా అనిపించే బొటనవేలు సైగ మానేసి, నోటితోనే అవునని చెప్పడం అలవాటు చేసుకున్నాం.

బయల్దేరేముందు నేను పార్సీలో మాట్లాడే వాక్యాలు బట్టీ పట్టలేదు. అంకెలు నేర్చుకున్నాను. నాకు తెలిసి అంతకన్నా పనికొచ్చిన చదువు ఇంకోటి లేదు. అక్కడ సున్నా అంటే ఒక చుక్క. దాదాపు మన సున్నాలా కనిపించేది ఐదు. లిపి కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కానీ అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. నౌరూజ్ నుంచి డిసెంబరు ఆఖరు దాకా వాళ్ల సంవత్సరానికి 621 కలిపితే మనది వస్తుంది. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేసే విద్య ఇది. ఇది వస్తే ఇన్సూరెన్సు ఎప్పటి దాకా ఉందో, రసీదులో ఎంత రాశారో మనమే చదువుకోవచ్చు. డబ్బు దగ్గర ఇంకో మెలిక ఉంది. నోటితో చెప్పేది తోమాన్లలో, రసీదు మీద ఉండేది రియాళ్లలో. పది రియాళ్లు ఒక తోమాన్. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచెయ్యవు. అంతా నగదే కాబట్టి ఈ లెక్క ప్రతి కౌంటర్ దగ్గరా తగులుతుంది.

వాక్యాలు ఎందుకు నేర్చుకోలేదంటే, నేను పార్సీలో ఒక ప్రశ్న అందంగా అడిగితే జవాబు కూడా పార్సీలోనే గడగడా వస్తుంది. అది అర్థం చేసుకునే శక్తి నాకు లేదు. చదవడం వేరు. కాగితం ఎదురుగా ఉంటుంది, కదలదు, నా వేగంతో చూసుకోవచ్చు.

ఫోన్లో అనువాదం యాప్ వాడాం, నెట్ లేకపోయినా పనిచేసేలా భాషలన్నీ ముందే దించుకున్నాం. అచ్చులో ఉన్న ఫారాల మీద కెమెరా పెడితే చక్కగా చదువుతుంది. చేతిరాత దగ్గర చేతులెత్తేస్తుంది, ఆఫీసర్లు రాసేదంతా చేతిరాతే. మాటల్లో వాడాలంటే తెలుగు అలవాటు ఒకటి వదులుకోవాలి. మనం కర్త లేకుండా మాట్లాడతాం. ఎప్పుడు వస్తుంది, ఇచ్చేశారా, ఇంకా ఉందా అంటాం. ఎవరు, ఏది అన్నది ఎదుటివాళ్లే గ్రహిస్తారు. యంత్రానికి ఆ గ్రహింపు లేదు, దానికి తోచింది అది కలిపేస్తుంది. అందుకని ప్రతి వాక్యంలో వస్తువు పేరు, తేదీ పెట్టి చిన్నగా టైప్ చేసేవాళ్లం. వచ్చిన అనువాదాన్ని మళ్లీ వెనక్కి తిప్పి చదివి, అప్పుడు చూపించేవాళ్లం. ప్రశ్న ఎప్పుడూ ఇదా అదా అని అడిగేవాళ్లం. ఈ రోజా, రేపా? ఈ కౌంటరా, పక్కదా? అవునా కాదా అని అడిగితే ప్రశ్న సగం అర్థమైన మనిషి మర్యాద కోసం అవుననేస్తాడు, మనం వెళ్లి తప్పు వరసలో నిలబడతాం.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. మన పాలసీ అక్కడ చెల్లదు. యూరప్‌లోనూ చుట్టుపక్కలా నడిచే గ్రీన్ కార్డ్ వ్యవస్థలో ఇరాన్ ఉంది కానీ భారత్ లేదు. ప్రతి దేశంలోనూ అక్కడి థర్డ్ పార్టీ పాలసీ తీసుకోవాల్సిందే.

ఇరాన్ ఉత్తరపు కొసన అరస్ నది దేశానికి హద్దు. వంతెన ఇవతల నోర్దూజ్, అవతల అర్మేనియాలోని అగారక్. కార్నెట్‌కి పోక ముద్ర ఇక్కడ పడాలి. ఆఫీసరు మధ్య ముక్క చింపుకుని, పైముక్క మీద ముద్ర వేసి పుస్తకం నా చేతికిచ్చాడు. ముద్ర పడింది కానీ ప్యాడ్‌లో సిరా అయిపోవచ్చి తేదీ మసకగా ఉంది. ఉన్నదీ ఇరానీ తేదీ. ఇంటికి వెళ్లాక దీన్ని చూసేవాళ్లకి అదేమిటో తెలియాలి. నేను కదల్లేదు. రాక ముద్ర మీద వేలు పెట్టి, తర్వాత మసక ముద్ర మీద వేలు పెట్టి, నా నోట్‌బుక్కులో రెండు తేదీలూ రాసి చూపించాను, వాళ్లది, మనది. ఆయన చదివాడు. సొరుగులోంచి ఇంకో ప్యాడ్ తీసి పక్కనే మళ్లీ ముద్ర వేశాడు, దాని కింద పెన్నుతో రెండు క్యాలెండర్ల తేదీలూ రాసి సంతకం పెట్టాడు. కుర్చీలోంచి లేచి పుస్తకం రెండు చేతులతో అందించాడు. ఆయనతో నేను ఒక్క పూర్తి వాక్యం కూడా మాట్లాడలేదు.

అర్మేనియాకి కార్నెట్ అక్కర్లేదు. ఆ దేశం 2015 నుంచి రష్యా, కజకిస్తాన్ ఉన్న యురేషియన్ ఎకనామిక్ యూనియన్‌లో ఉంది, కస్టమ్స్ నియమాలు ఆ కూటమివి. బండిని తాత్కాలికంగా తెచ్చుకుంటున్నట్టు డిక్లరేషన్ ఇవ్వాలి. ఇక్కడే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. మనిషికి ఒక గడువు, బండికి ఒక గడువు, ఇన్సూరెన్సుకి ఇంకో గడువు. మూడూ వేర్వేరు ఆఫీసులు రాస్తాయి, ఒకదానికొకటి సంబంధం ఉండదు. జార్జియాలో అయితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మా వీసా 30 రోజులకి. విదేశీ కారుకి 90 రోజులు. ఇన్సూరెన్సు 15 రోజులకా, 30కా, 90కా, ఏడాదికా అన్నది మన ఇష్టం. కారుకి 90 రోజులున్నాయి కదా అని నిశ్చింతగా ఉంటే ఇన్సూరెన్సు ఈలోపే అయిపోతుంది. ప్రతి సరిహద్దు దాటగానే మూడు తేదీల్లో ముందొచ్చేది ఏదో చూసి, పెద్ద అంకెలతో కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించేవాళ్లం. మిగతా రెండు తేదీలు ఉన్నాయని మర్చిపోయినా పర్వాలేదు.

అర్మేనియా లిపి వేరు, జార్జియా లిపి వేరు, ఒకదానికొకటి పోలిక లేదు. జార్జియా అక్షరాలు మన వాటిలాగే గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. బోర్డులు చూస్తూ ఇప్పుడో ఇంకాసేపట్లోనో చదివేస్తానేమో అనిపించేది. రెండు చోట్లా నడివయసు దాటినవాళ్లకి రష్యన్ వచ్చు, కుర్రాళ్లకి ఇంగ్లీషు వచ్చు. అందుకని రెండు కొత్త లిపుల జోలికి వెళ్లకుండా రష్యన్ అక్షరాలు ఒక్కటే నేర్చుకుని వెళ్లాను. ఇంగ్లీషు పి లా కనిపించేది ర, హెచ్ లా కనిపించేది న, సి లా కనిపించేది స. అచ్చు అక్షరాలు వచ్చేశాయని సంబరపడుతుంటే చేతిరాత వేరే ప్రపంచం. కలిపి రాసినప్పుడు త అక్షరం ఇంగ్లీషు చిన్న ఎమ్ లా ఉంటుంది. రష్యన్ చేతిరాత నమూనా పేజీ ఒకటి ఫోన్లో పెట్టుకుంటే తేదీ పక్కన రాసిన రెండు మాటలు తెలుసుకోవచ్చు.

మా దగ్గర ఇంకో ఆయుధం ఉంది, ఒక పేజీ కాగితం. మేం ఎవరం, ఏ దేశం నుంచి, బండి ఎవరి పేరున ఉంది, ఏ సరిహద్దులో వచ్చాం, ఏ సరిహద్దులో వెళ్తాం. దాని కింద కారు తయారైన సంవత్సరం, ఇంజిన్ సీసీ, బరువు, రంగు, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్. వీటన్నిటినీ ప్రతి చోటా అడుగుతారు, మన ఆర్‌సీ కార్డు మీద సన్న అక్షరాల్లో వెతుక్కోవడం వాళ్లకి కష్టం. పార్సీలో, రష్యన్‌లో ఆ భాషలు తెలిసిన మనుషుల చేత రాయించి ప్లాస్టిక్ కాగితంలో పెట్టించాం. యంత్రం చేత రాయించలేదు. ఇంజిన్ నంబర్‌కి ఇంకో అర్థం పుట్టిస్తే ఎవరు చూసుకుంటారు? మన కారుకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, అక్కడ కౌంటర్ కిటికీలన్నీ ఎడమవైపు. అంటే కాగితాలు అందించేది పక్క సీట్లో మనిషి. మా ఆయన ముందు ఆ పేజీ ఇచ్చి, ఆఫీసరు చదవడం పూర్తయ్యాకే పాస్‌పోర్టులు ఇచ్చేవారు. ఆ వరస వల్ల సగం ప్రశ్నలు తగ్గిపోయాయి.

అర్మేనియా నుంచి జార్జియాలోకి సదాఖ్లో దగ్గర వెళ్లాం. అక్కడ డ్రైవర్ ఒక్కరే బండిలో ఉండాలి, తోటివాళ్లు దిగి నడుచుకుంటూ భవనంలోంచి వెళ్లాలి. కారు నాది కాబట్టి స్టీరింగ్ దగ్గర నేను. దిగేముందు మా ఆయన, "ఆ పేజీ నా దగ్గరుంచు, నీకు ఫోనుంది కదా" అన్నారు. "ఉంచుకోండి, మీ వీసా ప్రింటు కూడా పైనే పెట్టుకోండి" అన్నాను. నా పని తొందరగానే అయిపోయింది. జార్జియాలో కారుకి కాగితం ఏమీ ఇవ్వరు, కంప్యూటర్లో ఎక్కించుకుంటారు. అవతల పక్కన కారు ఆపుకుని చూస్తుంటే ఈయన ఎంతకీ రారు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, పాస్‌పోర్టు కింద యంత్రం చదివే రెండు వరసలుంటాయి కదా, ఒక్కో వరసలో 44 గళ్లు. మొదటి వరసలో ఐదు గళ్లు పాస్‌పోర్టు గుర్తుకీ దేశం కోడ్‌కీ పోతాయి. పేరుకి మిగిలేది 39. మా ఆయనది ఇంటిపేరుతో కలిపి నాలుగు మాటల పేరు, 39 గళ్లలో పట్టదు, చివరి మాట మధ్యలో తెగిపోయింది. పైన అచ్చులో మాత్రం పూర్తిగా ఉంది. ఈ-వీసాలో మేం పూర్తి పేరే నింపాం. యంత్రం చదివిన పేరు ఒకటి, వీసా మీద పేరు ఇంకొకటి. ఆఫీసరమ్మాయి ఓపిగ్గా రెండూ పోల్చి చూస్తోంది. ఈయన కిటికీ దగ్గర నిలబడి పాస్‌పోర్టులో పై పేరు చూపించి, కింద తెగిన చోట వేలు పెట్టి, మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటిగా వీసా మీద చూపించారట. ఆమె అక్షరాలు లెక్కపెట్టుకుని, ఇంకొకర్ని పిలిచి చూపించి, ముద్ర వేసేసింది. పొడుగు పేర్లున్న తెలుగువాళ్లు ఒకసారి పాస్‌పోర్టు తీసి కింద యంత్రం చదివే మొదటి వరస చివర చూసుకోండి. మీ పేరు అక్కడ పూర్తయిందో లేదో తెలిసి ఉండటం వేరు, విదేశీ కౌంటర్ దగ్గర మొదటిసారి తెలియడం వేరు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు అయితే దారిలోకి దిగేముందే పాస్‌పోర్టు మళ్లీ జారీ చేయించుకోవడం మంచిది. 2022 నవంబరులో యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టుల మీద పెట్టిన ఆంక్షతో చాలామంది ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుండే ఉంటుంది.

జార్జియాలో 2018 మార్చి నుంచి విదేశీ వాహనాలకి ఇన్సూరెన్సు తప్పనిసరి, ఆన్‌లైన్లోనూ సరిహద్దు దగ్గరా కొనుక్కోవచ్చు. అది తప్ప మిగతా రోజులు కాగితాలతో పనిపడలేదు. టిబిలిసిలో రెండో ఇరాన్ వీసా చేతికొచ్చింది. ఇరాన్ వీసా పాస్‌పోర్టులో అతికించరు, విడి కాగితంగా ఇస్తారు. దాని ఫోటో కాపీలు రెండు చోట్ల పెట్టాం. అర్మేనియాలోకి మళ్లీ వెళ్లాలి కాబట్టి ఆ ఈ-వీసా కూడా రెండోసారి తీసుకున్నాం, బండికి డిక్లరేషన్ కూడా మళ్లీ కొత్తదే. కూటమిలోంచి ఒకసారి బయటపడితే పాత కాగితం అక్కడితో సరి.

తిరుగు దారిలో ఇరాన్‌లోకి కార్నెట్ రెండో పేజీతో వచ్చాం. ఈసారి బందర్ అబ్బాస్‌లో మా పేర్లు రాసిన ఫోటో చూపించగానే ఏజెంటు తన ఫోన్లో అదే ఫోటో తెరిచి చూపించాడు. కారు ఓడ ఎక్కేటప్పుడు పడాల్సిన పోక ముద్ర పడేదాకా రేవు వదల్లేదు. అన్నేళ్లుగా ఆ పని చేస్తున్న మనిషి ముద్ర పడుతుందని ఎంత చెప్పినా నేను చూసి ఫోటో తీసుకున్నాకే విమానాశ్రయానికి బయల్దేరాం.

ఇక్కడ కారు దిగాక కస్టమ్స్ వాళ్లు మళ్లీ ఛాసిస్ నంబర్ చూసి, తిరిగి వచ్చినట్టు కార్నెట్‌లో నమోదు చేశారు. ఆ పుస్తకాన్ని ఆటోమొబైల్ అసోసియేషన్‌కి తిరిగి ఇచ్చెయ్యాలి. అది ఇస్తేనే గ్యారంటీ వెనక్కి వస్తుంది. అక్కడి ఉద్యోగి ఒక్కో పైముక్క తిప్పుతూ రాక ముద్ర, పోక ముద్ర జతగా ఉన్నాయా అని చూశాడు. నోర్దూజ్ పేజీ దగ్గర రెండు ముద్రలు, వాటి కింద పెన్నుతో రాసిన తేదీలు చూసి, "ఇది మీరే రాయించారా మేడమ్?" అని అడిగాడు. అవునన్నాను. వాడని పేజీలు లెక్కపెట్టుకుని రసీదు రాసిచ్చాడు. బ్యాంకు గ్యారంటీ విడుదలయ్యేసరికి ఇంకొన్ని వారాలు పట్టింది. అప్పటిదాకా ప్రతి ముద్ర ఫోటోనీ ఫోన్లోంచి తీసెయ్యకుండా ఉంచాను. మీరూ అలాగే ఉంచండి.